రెండంతస్తుల డబ్బా

చేతిలో ఉన్న డబ్బాని ఆమె చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించింది. లోపల ఏదీ కదల్లేదు. మంచి పళ్ల సెట్టు కూడా నోట్లో ఇలాగే కూర్చోవాలి, నవ్వినా తుమ్మినా కదలకూడదు అనుకుంది. విమానాశ్రయంలో చాక్లెట్లు కొనడానికి వచ్చి కూడా బుర్ర పళ్ల చుట్టూనే తిరుగుతోందని నవ్వొచ్చింది. పంతొమ్మిదేళ్లుగా కట్టుడుపళ్లు చేస్తున్న మనిషి ఇంకెలా ఆలోచిస్తుంది? అద్దాల అరల్లో డబ్బాలు వరసలు తీరి ఉన్నాయి, బంగారు కాగితం చుట్టినవి, నీలం రిబ్బను కట్టినవి, కింద నుంచి దీపాల వెలుతురు. తెరిచి పెట్టిన నమూనా డబ్బాలో ఒక్కో చాక్లెట్టూ ఒక్కో గుంటలో ఒదిగి ఉంది, గుండ్రటివి, నాలుగు మూలలవి, దవడ పళ్లలా నెత్తిన గీతలున్నవి. ఈ గీతలున్న దాంట్లో గింజలుంటాయి, ల్యాబులో రేడియో అని పిలిచే కుర్రాడికి పనికిరాదు, వాడి వెనక పన్ను మీది తొడుగు ఇంకా తాత్కాలికమే, గట్టిది కొరికితే ఊడొస్తుంది, ఊడొచ్చిందంటే వారం రోజులు దాని గురించే చెప్తాడు. వాడికి ఆ పేరు అందుకే వచ్చింది, పళ్లకి మెరుగు పట్టే మోటారు ఎంత గోల చేసినా ఆ గోల మీద నుంచి మాట్లాడతాడు. తోటి పనిచేసే పిన్నిగారికి సాగే చాక్లెట్టు వద్దు, ఆవిడ ఎడమవైపే నములుతుంది, ప్లాస్టరు కలుపుతూ ఏదో ఒకటి నోట్లో వేసుకుంటే ఎడమ దవడ ఆడుతుంది, కుడి బుగ్గ మీది తెల్ల పొడి చెక్కు చెదరదు. ల్యాబు నడిపే మాస్టారికైతే... మాస్టారి దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ఆగిపోయింది. ముందు డబ్బా సంగతి తేలాలి అని తనకి తానే చెప్పుకుంది. చిన్నదా, పెద్దదా. విమానం ఎక్కడానికి ఇంకా గంట ఉంది.

చిన్నదంటే ఒకటే వరస, పన్నెండు చాక్లెట్లు. పెద్దదంటే రెండంతస్తులు, పై వరస ఎత్తితే ఒక మెత్తటి కాగితం, దాని కింద ఇంకో వరస. బయటివాళ్లకి అవి కాస్త ఎక్కువ చాక్లెట్లు, అంతే. వాళ్ల ల్యాబులో అలా కాదు. ఊరెళ్లొచ్చినవాళ్లు ఒక డబ్బా తెచ్చి ప్లాస్టరు బీరువా మీద పెట్టాలి, అది చిన్నదే అయుండాలి, సాయంత్రం టీ వేళకి తెరవాలి. పెద్దది పెట్టారంటే ఉద్యోగం మానేస్తున్నారని అర్థం. ఈ నియమం ఎవరూ పెట్టలేదు. ఎప్పుడో ఒకామె మానేసి వెళ్లిపోతూ, ఆ మాట నోటితో చెప్పలేక రెండంతస్తుల డబ్బా తెచ్చి పెట్టిందట. పై వరస అయిపోయి అందరూ సంబరంగా కింది వరసలో చెయ్యి పెట్టబోతుంటే అప్పుడు ఏడ్చేసిందట. ఆ తర్వాత వెళ్లినవాళ్లంతా అలాగే చేశారు. ఈ పంతొమ్మిదేళ్లలో ఆమె అలాంటివి నాలుగు చూసింది. అయిదోది లెక్కలోకి రాదు, అది రేడియో తెచ్చింది, పాపం వాడు వెళ్లిన చోట కొట్లో అదొక్కటే మిగిలిందట. వాడు బీరువా మీద పెట్టగానే పిన్నిగారు ప్లాస్టరు గిన్నె దించేసి మోచేత్తో కళ్లు తుడుచుకుంది, మాస్టారు కళ్లద్దాలు తీసి తుడిచిందే తుడవడం మొదలుపెట్టారు. "ఏమైంది అందరికీ? ఎవరు పోయారు?" అన్నాడు వాడు. "నువ్వేగా పోతున్నావు నాయనా," అంది పిన్నిగారు. సంగతి తెలిశాక ఎంత నవ్వారో! నవ్వు అయిపోయాక మాస్టారు వాడి వీపు మీద ఒక్కటి చరిచి, కావాల్సిన దానికంటే గట్టిగానే చరిచి, బల్ల దగ్గరికి వెళ్లిపోయారు.

ఆమె పెద్ద డబ్బా మీద చెయ్యి వేసి, తీసేసింది. అయిదు లోపు చెప్పమన్నారు. సాయంత్రం అయిదింటికి తను గాల్లో ఉంటుంది కాబట్టి, ఉద్యోగంలో చేరేదీ లేనిదీ ఎక్కేలోపే చెప్పాలి. "తొందరేం లేదు, బాగా ఆలోచించుకోండి, రేపు అయిదు లోపు చాలు," అంది నిన్న పరీక్ష పెట్టిన ఆ తెల్లకోటామె, అదేదో ఏడాది గడువైనట్టు. పెద్ద ల్యాబు, నాలుగు అంతస్తులు, గాజు తలుపు అవతల యంత్రాలు వాటంతటవే నీళ్లు చిమ్ముకుంటూ పళ్లు చెక్కేస్తున్నాయి, మనిషి ఊరికే నిలబడి చూస్తే చాలు. కానీ యంత్రం చెక్కింది యంత్రం చెక్కినట్టే ఉంటుందట, మొహానికి అతకదట, ఆఖరి మెరుగు చేత్తోనే దిద్దాలట, చేత్తో దిద్దడం వచ్చినవాళ్లు దొరకడం లేదట. కొత్తగా చేరిన పద్నాలుగు మందికి మైనం మీద పన్ను చెక్కడం నేర్పాలి. తను. నేర్పడం. బళ్లో చదువుకునే రోజుల్లో జవాబు తెలిసినా చెయ్యెత్తని మనిషి! మొదటి రోజు వాళ్ల చేతికి ఏమిస్తుంది? సబ్బు. ఇంకేముంది, తనకి మాస్టారు ఇచ్చింది అదే, ఒక సబ్బు బిళ్ల, ఒక కత్తి, "దవడ పన్ను చెక్కుకురా అమ్మాయ్" అని. ఆరు నెలలు సబ్బే. ఇంట్లో స్నానానికి వెళ్తే గూట్లో సబ్బుకి బదులు అర డజను పళ్లు ఉండేవి, చెల్లెలు వాటితోనే ఒళ్లు రుద్దుకునేది, రుద్దుకుంటూ లోపల నుంచి అరిచేది, "అక్కా, నీ పన్ను నన్ను కరిచింది!" అని. ఆ చెల్లెలి ఇల్లు పెద్ద ల్యాబుకి పావుగంట దూరం. మేడ మీద గది ఖాళీగానే ఉంది. ఎవరూ అడక్కుండానే కిటికీకి కర్టెను కూడా కుట్టేసింది.

ఆ చెల్లెలికే జబ్బని చెప్పి తను మాస్టారి దగ్గర నాలుగు రోజులు సెలవు తీసుకుంది. సంగతి చెప్తే చెల్లెలు కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "ఏం జబ్బు తగిలించావే నాకు?" "కడుపులో రాళ్లన్నాను." "రాళ్లా! ఇంకాస్త నాజూకైంది దొరకలేదూ?" అని, నవ్వు ఆగాక అక్క మొహంలోకి చూసి, "ఆయనకి నిజం చెప్తే ఏమవుతుందక్కా?" అంది. ఏమవుతుందో ఆమెకి తెలుసు. మాస్టారు "వెళ్లు" అంటారు. క్షణం ఆలోచించకుండా అంటారు. అనేసి కత్తి తీసుకుని బల్ల మీదకి వంగుతారు, ఆ కత్తి వణుకుతుంది.

ఆయన చేతికి వణుకు మొదలై రెండేళ్లయింది. మొదట స్పిరిటు దీపం దగ్గర చూసింది, వెలిగించిన అగ్గిపుల్ల ఒత్తికి తగలకుండా దాని చుట్టూ తిరుగుతోంది. చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. బహుశా అక్కడే పొరపాటు చేసిందేమో, ఆ రోజే "ఏంటి మాస్టారూ" అని అడిగుంటే అదొక మాటగా అయిపోయేది, అడక్కపోవడం వల్ల రహస్యమై కూర్చుంది. తర్వాత ఆయన మైనం మీద తీసే గీతలు లోతు తప్పడం మొదలైంది. మధ్యాహ్నం తిన్నాక ఆయన కుర్చీలోనే ఇరవై నిమిషాలు కునుకు తీస్తారు. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె ఆయన బల్ల దగ్గరికి వెళ్లేది. ఆయన కత్తితోనే, ఆయన పద్ధతిలోనే దిద్దేది. తన పద్ధతిలో దిద్దితే తెలిసిపోతుంది కదా, తను గీతని రెండు విడతల్లో తీస్తుంది, ఆయన ఒక్క లాగుడులో తీస్తారు. దిద్ది, మైనం పొడి ఊదేసి, కత్తిని ఆయన పెట్టినవైపుకే తిప్పి పెట్టి వచ్చేసేది. ఏదో ఎత్తుకొస్తున్నట్టు మునివేళ్ల మీద నడిచేది. పిన్నిగారు చూసింది, రోజూ సరిగ్గా ఆ వేళకి కుళాయి తిప్పి ఉంచేది, కత్తి గీకుడు వినబడకుండా. రేడియో కూడా చూశాడు. వాడు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతి ప్రపంచం మొత్తంలో ఇదొక్కటే. తను వెళ్లిపోతే ఆ ఇరవై నిమిషాలు ఎవరికి అప్పగించి వెళ్లాలి? మర్నాడు ఆయన కళ్లు తెరిచేసరికి లోతు తప్పిన గీతలు అలాగే ఉంటాయి. రెండేళ్ల సంగతి ఆయనకి ఒక్క మధ్యాహ్నంలో తెలిసిపోతుంది. వద్దు. చిన్నదే. పన్నెండు చాక్లెట్లు. చెల్లెలికి తగ్గిపోయింది మాస్టారూ, రాళ్లు కరిగిపోయాయట.

"ఎవరి కోసమో చెప్తే నేను చూపిస్తాను మేడం," అంది కొట్టమ్మాయి. ఎంతసేపటి నుంచి పక్కన నిలబడి ఉందో. పై ముందుపళ్ల మధ్య సన్నటి సందుంది, నవ్వుకి అదే అందం, ఎవరు చెప్పినా మూయించుకోకు తల్లీ అనాలనిపించింది.

"ఒక పెద్దాయనకి," అంది ఆమె. కొనాల్సింది ముగ్గురికి. నోటికి మాత్రం ఆయనొక్కరే వచ్చారు.

"షుగరుందా అండీ?"

"లేదు. కట్టుడుపళ్లు."

"అయ్యో, అయితే గింజలున్నవి వద్దు. సాగేవీ వద్దు, మా తాతయ్య ఒకసారి తిని, చాక్లెట్టూ పళ్లూ కలిపి తీసి నా చేతిలో పెట్టాడు." ఇద్దరూ నవ్వారు. "ఆయన పళ్లు బిగుతుగా కూర్చుంటాయా మేడం? బిగుతైతే కాస్త గట్టివైనా పర్వాలేదు."

"బ్రహ్మాండంగా కూర్చుంటాయి," అంది ఆమె, కాస్త పౌరుషంగానే. కూర్చోకేం, చేసింది తను. పదకొండేళ్ల కిందట, ల్యాబులో తనకంటే పెద్దవాళ్లు ముగ్గురుండగా, మాస్టారు తన నోటి అచ్చు తెచ్చి తన బల్ల మీదే పెట్టారు. "ఎడమ కోరపన్ను కాస్త బయటికి తిప్పు అమ్మాయ్. నా సొంత పన్ను అలాగే ఉండేది. తిన్నగా పెట్టావంటే ఎవరో పరాయి మగాడనుకుని మా ఆవిడ తలుపు తియ్యదు." మూడుసార్లు పెట్టి, మూడుసార్లు తీసి, నాలుగోసారి పెట్టింది. అది పెట్టుకుని అద్దంలో చూసుకుని ఆయన బయటికి వెళ్లి రోడ్డు మీద నిలబడి వచ్చేపోయేవాళ్లందరినీ పలకరించారు. అలాంటి సెట్టు. బ్రహ్మాండంగా కూర్చుంటాయి అంది, అన్నాక అది ఇప్పుడు నిజం కాదని గుర్తొచ్చింది. నెల రోజుల నుంచి ఆయన మాట మాటకీ ఈల వస్తోంది. "మాస్టారు పిట్టల్ని పిలుస్తున్నారు," అని రేడియో ఆటపట్టిస్తున్నాడు. చిగుళ్లు వాచాయి, అందుకని పాత సెట్టు పెట్టుకుంటున్నా అన్నారాయన, ఇరవై ఏళ్ల నాటిది, వదులు. చిగుళ్లు వాస్తే వదులుది పెట్టుకోవడం సబబే అనుకుంది అప్పుడు. మరి చూస్తానంటే ఎందుకు నోరు తెరవలేదు? రెండుసార్లు అడిగితే రెండుసార్లూ పెదాలు బిగించి తల తిప్పేసుకున్నారు. మంచి సెట్టు ఏమైనట్టు? ఎడమ కోరపన్ను బయటికి తిరిగిన ఆ సెట్టు?

కొట్టమ్మాయి ఏదో చెప్తోంది, పెదాలు కదులుతున్నాయి, ఆ సన్నటి సందు కనబడుతోంది, మాట మాత్రం చేరడం లేదు. నిన్న పెద్ద ల్యాబులో, పరీక్ష పెట్టిన గదిలో తెల్లటి దీపం. దాని కింద ట్రేలో, ప్లాస్టరు అచ్చు మీద కూర్చోబెట్టిన సెట్టు. తెల్లకోటామె చేతికి ఎర్ర పెన్సిలిచ్చి, "ఇందులో తప్పేమైనా ఉంటే గుర్తు పెట్టండి," అంది. వంగి చూసింది, చిగుళ్ల రంగు చూసింది, పై పళ్లు కింది పళ్ల మీద ఎలా వాలుతున్నాయో చూసింది. "ఎడమ కోరపన్ను తిరిగిపోయింది, తిన్నగా పెట్టాలి," అని దాని మీద ఎర్రగా గీత గీసింది. "ఇంకేం లేవా?" "లేవండీ, మిగతాదంతా మంచి చెయ్యి చేసిన పనే." తెల్లకోటామె గబగబా కాగితాలు సర్దుకుంది, నవ్వు ఆపుకోవడానికని ఇప్పుడు తెలుస్తోంది. పదకొండేళ్లుగా రోజూ చూస్తున్న పన్ను. టీ తాగేటప్పుడు కప్పు అంచుకి టక్కున తగిలే పన్ను. ఎవరైనా కష్టం చెప్పుకుంటే కింది పెదవిని పట్టుకునే పన్ను. నోట్లోంచి తీసి దీపం కింద పెట్టేసరికి, చేసిన చేతికే తెలియలేదు. ఇరవై రోజుల కిందట "మీ పని చూశాం, ఒకసారి రండి" అని ఫోనొస్తే ఎక్కడ చూశారని కూడా అడగలేదు, ఏ డాక్టరో చూపించాడనుకుంది. మాస్టారే పంపారు, తన సెట్టుని. ఆయన ఎవరినీ ఎదురుగా మెచ్చుకోరు, ఫోనులో అసలు మెచ్చుకోరు, ఉత్తరం రాయాలంటే ఇప్పుడు చెయ్యి నిలవదు. అందుకని నోట్లో పళ్లు తీసి, కడిగి, మెరుగు పట్టి, వణికే వేళ్లతో దూదిలో చుట్టి పంపించారు. పంపించి, నెల రోజులుగా ఈలలేసుకుంటూ తిరుగుతున్నారు.

"ఒక్క నిమిషమమ్మా," అని అరల చివరికి నడిచి ఫోను చేసింది.

"చెప్పమ్మాయ్," అన్నారు మాస్టారు. వెనక మోటారు, దాని మీద రేడియో గొంతు. "మీ చెల్లెలికి ఎలా ఉంది? రాళ్లు పడ్డాయా?"

"మాస్టారూ, మీ పళ్లు చూశాను."

మోటారు చప్పుడు దూరమైంది, తలుపు మూసుకుంది, రోడ్డు వినబడింది.

"ఎలా ఉన్నాయి?"

"కోరపన్ను తప్పన్నాను."

ఆయన నవ్వారు. నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వారు, ఒక్కో నవ్వు చివరా ఈల. "అన్నావా! గీత కూడా పెట్టావా?"

"ఎర్రగా పెట్టాను."

"అయినా తీసుకున్నారా నిన్ను?"

"తీసుకున్నారు. అయిదు లోపు చెప్పమన్నారు."

"మరి నాకెందుకు చేశావు? వాళ్లకి చెయ్యి."

"అది కాదు మాస్టారూ, మీరొక్కరే..." ఆ తర్వాతి మాటని రెండేళ్లుగా అనకుండా ఉండటమే ఆమెకి తెలుసు.

"అమ్మాయ్," అన్నారాయన, "నేను మధ్యాహ్నం పడుకోవడం మానేసి ఏడాదైంది. ఊరికే కళ్లు మూసుకుని కూర్చుంటున్నా. తెరిస్తే నువ్వు కంగారు పడతావని."

ఎదురుగా అద్దంలో ఎవరో నడివయసావిడ ఫోను రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. అది తనే.

"మొదట్లో కోపమొచ్చింది. నా బల్ల మీద చెయ్యి వేస్తుందా అని. తర్వాత వింటూ కూర్చునేవాణ్ణి. ఆ పిన్నిగారొకావిడ, కుళాయి తిప్పేస్తుంది, సరిగ్గా వినబడి చావదు. నేనెప్పుడో మూసేయాల్సింది ఈ ల్యాబు. నువ్వున్నావు కదా అని తెరుస్తున్నా. నేను తెరుస్తున్నాను కదా అని నువ్వొస్తున్నావు. ఇలా ఒకరికోసం ఒకరం ఎన్నాళ్లని? పిన్నిగారికి మోకాళ్లు లేవడం లేదు, ఆవిడా మొహమాటంతోనే వస్తోంది. రేడియోకి డాక్టరుగారి క్లినిక్కులో మాట్లాడాను. మత్తింజెక్షను ఖర్చు మిగులుతుందని చెప్పాను, వాడు మాట్లాడితే చాలు."

ఆమె నవ్వింది. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారి ముక్కు పక్కగా పెదవి మీదకి వచ్చాయి, తుడుచుకోలేదు. "మరి మీ చేతులు మాస్టారూ?"

"ఉంటాయి. టీకప్పు పట్టుకోవడానికి సరిపోతాయి. రెండు చేతులతో పట్టుకుంటా, ఇంకా మర్యాదగా ఉంటుంది." గొంతు తగ్గించారు. "నువ్వు అక్కడ చేరగానే ఆ సెట్టు ముందు పంపించు. నాకు మెత్తగా వండి వండి మా ఆవిడకి విసుగొచ్చేసింది." అని పెట్టేశారు. ఉంటాను, వెళ్లొస్తాను లాంటి మాటలు ఆయనకి ఎప్పుడూ లేవు.

ఆమె తెల్లకోటామెకి మెసేజీ రాసింది. చేరతాను అని రాసి, అది మరీ పొట్టిగా ఉందనిపించి కృతజ్ఞతలు చేర్చి, అది తన మాటలా లేదని తీసేసి, దాని కింద రాసింది: ఆ సెట్టులో కోరపన్ను ఎవరూ కదిలించొద్దు, నేను పెట్టిన గీత తప్పు. జవాబు వెంటనే వచ్చింది, గీత నిన్ననే తుడిచేశాం, రండి. ఆమె ఆ మాటలు రెండుసార్లు చదివింది. బీరువా మీద డబ్బా పెట్టడం కళ్లకి కట్టింది, పిన్నిగారు మోచేయి ఎత్తడం, ఈసారి రేడియో ఏమీ మాట్లాడకపోవడం. భయమేసింది. భయంగానే వెనక్కి నడిచి రెండంతస్తుల డబ్బా అందుకుంది. అది అనుకున్నంత బరువు లేదు.

"మెత్తటివి కావాలి," అంది కొట్టమ్మాయితో. "ఆయన పళ్లు బిగుతుగా లేవు. ఇంకో నెల దాకా ఉండవు. అసలు నమలనక్కర్లేనివి ఉన్నాయా?"

"ఇందులో రెండు వరసలూ అవే మేడం, నాలిక మీద పెట్టుకుంటే చాలు, అవే కరిగిపోతాయి." అమ్మాయి నమూనా పళ్లెంలోంచి ఒకటి తీసి చిన్న కాగితం మీద పెట్టి ఇచ్చింది.

ఆమె దాన్ని నోట్లో పెట్టుకుంది. కొరకలేదు. తన పళ్లు తనకి లేవనుకుంది, పై దవడనీ కింది దవడనీ ఎడంగా ఉంచి, నాలికతో దాన్ని అంగిట్లోకి నొక్కి పట్టుకుని నిలబడింది. ముందు చల్లగా, గట్టిగా, ఏ కదలికా లేకుండా ఉంది. తర్వాత అంచులు మెత్తబడ్డాయి. విమానం పేరు చెప్పి ఎక్కాల్సినవాళ్లు రావాలని పైనుంచి ఎవరో పిలుస్తున్నారు, జనం సంచులు ఎత్తుకుని కొట్టు ముందు నుంచి పోతున్నారు.

"కరిగిందా మేడం?" అంది కొట్టమ్మాయి.

ఆమె నోరు విప్పకుండా, ఇంకాస్త ఆగు అన్నట్టు వేలెత్తింది.